గంట వెనక్కి

ఏబేలుకు ఆ పేరు పెట్టిన పెద్దమనిషికి జరగబోయేది ముందే తెలిసుండాలి. బోడిగుట్టపల్లె చర్చిలో ఇరవై ఆరేళ్లుగా బెల్లు కొట్టేది ఏబేలే. కొత్తవాళ్లెవరైనా "అది ఏ బెల్లు?" అని అడిగితే, "ఏబేలు బెల్లు" అని ఊళ్లోవాళ్లు జవాబిస్తారు. అడిగినవాళ్లు తమను వెక్కిరించారనుకుని మొహం మాడ్చుకుని బస్సెక్కుతారు.

యర్రగొండపాలెం నుంచి మార్కాపురం పోయే రోడ్డు పక్కన నూట ఎనభై గడపల ఊరు అది. అక్కడ గంటలు రెండు రకాలు. కొట్టే గంట ఒకటి, గడిచే గంట ఒకటి. లోకంలో ఎక్కడైనా గడిచే గంటను చూసి కొట్టే గంట కొడతారు. బోడిగుట్టపల్లెలో కొట్టే గంట మోగితే గాని గడిచే గంట గడిచినట్టు లెక్క కాదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, కాదనం. కానీ పది ఫోన్లకు పది టైములు, పది టైములకు పది తగువులు. అందుకని పొలం పనికి ఎక్కడమూ దిగడమూ చర్చి గంట మీదే నడవాలని రైతులూ కూలోళ్లూ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఎక్కుడు గంటకు ఆడవాళ్లు చర్చి ముందుకు చేరాలి. దిగుడు గంటకు చేలో నడుం ఎత్తాలి. పొలాలు హిందువులవి, గంట క్రైస్తవులది. ఆ సంగతిలో ఇంతవరకు ఎవరికీ చెవిపోటు రాలేదు.

ఈ గంటకు మళ్లీ రెండు కాలాలు. ఉగాది నుంచి దీపావళి దాకా ఎండగంట. తెల్లవారుజామున ఐదుకు ఎక్కుడు, మధ్యాహ్నం పన్నెండుకు దిగుడు. దీపావళి దాటాక చలిగంట. ఆరుకు ఎక్కుడు, ఒంటిగంటకు దిగుడు. ఎండలు మండే రోజులు పోయాయి గనక పండగ వెళ్లిన మండే నాడు మార్చేస్తారు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు గాని ఎవరూ కిక్కురుమనలేదు. ఈ ఏడే ఆ పద్ధతికి ఎదురు పుట్టింది, అదీ ఏబేలు ఇంట్లోనే.

ఆ ఎదురు పేరు హెలెన్. ఏబేలు కోడలు. తొమ్మిదితో బడి మానేసి పెళ్లి చేసుకున్న పిల్ల, ఇరవై ఏడో ఏట మళ్లీ పుస్తకం పట్టింది. ఆమె మొగుడు విక్టర్ మార్కాపురంలో పలకల షెడ్డులో పని చేస్తాడు. పలకలు కోసే మొగుడికి పలక పట్టిన పెళ్లామని ఊరు నాలుగు రోజులు నవ్వి, ఐదో రోజు మరిచిపోయింది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చే ఏడు దిగిపోతోంది. పదో తరగతి పాసైతే ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చన్నది హెలెన్ ఆశ. పది పాసైతే పదిమందిలో పడొచ్చు. అడ్డంగా నిలబడింది లెక్కలొక్కటే. మార్కాపురంలో ఒక రిటైరైన పంతులమ్మ ఓపెన్ పది కట్టినవాళ్లకు రోజూ రెండున్నరకు లెక్కలు చెబుతుంది. చెప్పిన లెక్క మళ్లీ చెప్పదు. రానివాళ్లను రానివాళ్ల కిందే లెక్క వేస్తుంది.

ఆ క్లాసుకు పోవాలంటే ఊరి ముందు ఒంటిగంటా ఇరవైకి ఆగే బస్సు దొరకాలి. ఎండగంట నడిచినన్నాళ్లూ దొరికింది. దిగుడు గంట పన్నెండుకు, చేలోనుంచి బయటపడేది పన్నెండున్నరకు, ఇల్లు చేరి చీర మార్చుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు వచ్చేది. మధ్యలో ఆ అరగంట ఏమైందని అడగొచ్చు. చర్చి ముఖం ఊరి వైపు, వీపు పొలాల వైపు. గంట చర్చి ముందు నిలువుగా పాతిన రెండు రాతి కూసాల మధ్య వేలాడుతుంది. దాని మోత ఊరంతా వినబడుతుంది గాని, చర్చి రాతిగోడ దాటి చేల వైపు పోదు. మేకలు తోలుకుపోయేవాళ్లెవరో "గంట కొట్టినారమ్మా" అని చెబితే, ఆ మాట చేను చేనూ నడుచుకుంటూ వచ్చేసరికి అరగంట. గంట మోగడం వేరు, గంట అందడం వేరు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. వానలాగా, గాలిలాగా అదీ ఒకటి అనుకున్నారు.

ఇప్పుడు చలిగంట వస్తే దిగుడు ఒంటిగంటకు, అందేది ఒకటిన్నరకు. ఆమె రోడ్డెక్కేసరికి బస్సు నాలుగు ఊళ్లు దాటి ఉంటుంది. దిగుడు గంట హెలెన్‌కు దిగులు గంట అయి కూర్చుంది.

నన్నొక్కదాన్ని అరగంట ముందు వదిలిపెట్టమని హెలెన్ అత్తను అడిగింది. అత్త మగ్దలీనమ్మే ముఠా మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఆమె మాట మీద ఎక్కుతారు, ఆమె మాట మీద దిగుతారు. మేస్త్రి కోడలికి వేరే గంట పెడితే రేపు మిగతా పదిహేడు మందికి పదిహేడు గంటలు పెట్టాల్సి వస్తుందని ఆమె తేల్చేసింది. కోపంతో అనలేదు. ఆ రోజు రాత్రి కోడలికి ఇష్టమని ఎండు చింతచిగురు పప్పు చేసింది కూడా. పప్పు పప్పే, పని పనే.

అందుకే హెలెన్ తనకొక్కదానికీ కాదు, ఊరందరికీ ఏడాది పొడుగునా ఎండగంటే ఉంచమని అడిగింది. అడిగింది చర్చి పెద్దలను. పెద్దలు పాస్టరుగారి వైపు చూశారు. పాస్టరు కరుణాకరం గారు తెనాలి వైపు మనిషి. ఆయనలో కరుణ నిండుగా ఉంది, తేల్చి చెప్పే కరారే కొంచెం తక్కువ. ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నాడు. గంటతో పని ఉన్నవాళ్లు గనక రైతులకూ కబురు పెట్టారు. పత్తి రైతు నరసింహులు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

కరుణాకరం గారు ముందు లోకజ్ఞానంతో మొదలుపెట్టాడు. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు ఏకంగా గడియారాలే మార్చేస్తారనీ, దాన్ని డేలైట్ సేవింగ్ అంటారనీ, అంటే పగటి వెలుతురును పొదుపు చేయడమనీ చెప్పాడు. ఈ మార్చుడు మానేసి ఏడాదంతా ముందుకు జరిపిన టైమే ఉంచుకుందామని అక్కడ కొందరూ, అట్లా ఉంచితే చలికాలం పిల్లలు చీకట్లో బడికి పోవాలని ఇంకొందరూ ఏళ్ల తరబడి తగువులాడుకుంటున్నారట. అంత పెద్ద దేశాలు కూడా మన చర్చి ముందు కూర్చున్నట్టే కూర్చున్నాయని తెలిసి జనానికి కొంచెం గర్వం కలిగింది.

పొదుపు అన్న మాట చెవిన పడగానే, పొదుపు సంఘానికి కూడా లీడరైన మగ్దలీనమ్మ లేచింది.

"ఎలుతురు పొదుపు జేస్తే ఏ బ్యాంకులో ఏస్తారయ్యగారూ? సాయంత్రం ఎలుతురు దాసిపెట్టుకుంటే పొద్దున్నే చీకటి వడ్డీ కట్టాల. ఆ వడ్డీ కట్టేది మేము. కార్తీకంలో ఐదుకు చీకటి గుయ్యారంగ ఉంటాది. అడివి పందులు తిరుగుతాంటాయి. పామును తొక్కితే అది ఎండగంటా చలిగంటా అని అడగదు."

నరసింహులు తల ఊపాడు. ఆయన బాధ పాము కాదు, పత్తి. మంచు ఆరకముందు పత్తి ఏరితే తడి పత్తి అవుతుంది, పత్తి తడిస్తే విపత్తే అని ఆయన వాదన. ఐదింటికి వచ్చి మీరు ఏరేది పత్తినా మంచునా అని ఆడవాళ్లను అడిగాడు. ఆయన మాట మంచిగానే ఉంది, మంచుగా కూడా ఉంది.

అప్పుడు హెలెన్ లేచింది. పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మాట్లాడింది. ఏడాదికి రెండుసార్లు మార్చడం వల్ల ప్రతిసారీ వారం రోజులు నిద్ర చెడుతోందనీ, పసిపిల్లలు ఆకలి టైము మారక ఏడుస్తున్నారనీ, పన్నెండుకు దిగితే సాయంత్రం ఇంటి పనికీ గేదెలకూ పొద్దు మిగులుతోందనీ చెప్పింది. తన క్లాసు సంగతి మాత్రం ఎత్తలేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎత్తకుండా ఉండటమే ఎక్కువ వినబడింది. ఫోన్లు పట్టుకున్న చిన్నకోడళ్లంతా ఆమె వైపు జరిగి కూర్చున్నారు.

ఏబేలు గుమ్మం పక్కన నిలబడి ఇటు భార్యనూ అటు కోడలినీ చూస్తున్నాడు. గంట కొట్టేవాడికి ఓటు లేదు. కొట్టమన్నప్పుడు కొట్టడమే.

రెండు గంటలు కొట్టుకున్నాక, అంటే మాటలతోనే, కడుపులు కాలి జనం మెత్తబడ్డారు. వెనక నుంచి ఎవరో "గంట వెనక్కి పెట్టేద్దాం, అయిపోతాది" అన్నారు. ఆ మాటకు నరసింహులు చెయ్యెత్తాడు. మగ్దలీనమ్మ ఎత్తింది. హెలెన్ కూడా ఎత్తింది. చిన్నా పెద్దా అందరూ ఎత్తారు. కరుణాకరం గారు తన కంటిని తానే నమ్మలేక రెండుసార్లు లెక్కపెట్టి, పుస్తకం తెరిచి ఏకగ్రీవ తీర్మానం రాసేశాడు. అందరిచేతా సంతకాలు పెట్టించాడు. నకలు ఒకటి ఏబేలు చేతిలో పెట్టి, సభలున్నాయని ఆ మధ్యాహ్నమే ఒంగోలు బస్సెక్కి ఫోను ఆపేశాడు.

ఏకగ్రీవం అంటే ఒకే మెడ. ఆ మెడ మీద తలకాయలు రెండున్నాయని ఏబేలుకు సాయంత్రం తెలిసింది.

మొదట నరసింహులు వచ్చాడు. పొగాకు చుట్ట చెవిలో పెట్టుకుని, చాలా సంతోషంగా, మొత్తానికి మంచి పని జరిగిందన్నాడు. రేపటి నుంచి గంట వెనక్కి, మునుపటి మాదిరిగా ఆరుకే గదా అని ఏబేలు భుజం తట్టి వెళ్లాడు. ఆయన చెప్పు చప్పుడు ఇంకా వీధి చివర వినబడుతుండగానే హెలెన్ నీళ్ల చెంబుతో వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"రేపు ఐదుకే గదా మామా. ఆరు నుంచి ఎనక్కి జరిపితే ఐదే గదా. ఒప్పుకుంటారని నేననుకోలే."

ఏబేలు చెంబు అందుకుని నీళ్లు తాగడం మరిచిపోయాడు. ఊళ్లో పాతవాళ్లకు వెనక్కి అంటే వెనకటి మాదిరిగా, ఆరుకు. ఫోనులో టైము చూసేవాళ్లకు వెనక్కి అంటే ఆరుకు వెనకున్న ఐదుకు. ఇన్నేళ్లూ అందరూ కలిసే కదిలారు గనక ఈ తేడా ఎవరికీ తగల్లేదు. ఇప్పుడు ఇటు కొట్టినా అటు కొట్టినా సగం ఊరు తనను కొట్టేటట్టుంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కోడలి ముఖం చూసి నోట్లో చెంబు పెట్టుకున్నాడు.

ఆమె లోపలికి పోయాక కాగితం విప్పి వేలు పెట్టి చదివాడు. "చర్చి గంటను ఇకమీదట వెనుకకు జరుపవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." మూడుసార్లు చదివాడు. అందులో ఐదు లేదు, ఆరు లేదు. టైము అన్న మాటే లేదు. చర్చి గంట ఉంది. వెనక ఉంది. జరపడం ఉంది. జరిపేది దేన్ని? మంచాన్ని జరుపుతారు, బీరువాను జరుపుతారు. ఏబేలు ప్రాణానికి ఆ కాగితం మీద ఒక కిటికీ తెరుచుకున్నట్టయింది. రాసింది రాసినట్టు చేసినవాణ్ణి ఎవరేమంటారు?

తాపీమేస్త్రి యేసుదాసును పిలిచి కాగితం చూపించాడు. యేసుదాసు ఆదివారం కూటానికి రాలేదు. వచ్చుంటే ఏం ప్రశ్నలు వేసేవాడో గాని, రానందువల్ల చదివి, ఎందుకూ అని అడగలేదు. పెద్దలు రాసినారు గదా పట్టు అన్నాడు. ఇద్దరూ ఇంకో ఇద్దరిని కేకేసి పొద్దు గుంకేలోగా గంటను కూసాల మీంచి దింపి, చర్చి వెనక మిట్ట మీదున్న చింతచెట్టు కిందికి మోసుకుపోయారు. కొమ్మకు ఎత్తబోయేసరికి తుప్పు పట్టిన పాత బోల్టు రెండు ముక్కలైంది. కొత్తది మార్కాపురం నుంచి తెస్తేగాని గంట లేవదు. పోనీలే, రేపు పొద్దున ఏ గంట కొట్టాలన్న గండం గడిచిందని ఏబేలు లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

గండం గడవలేదు. గంట మాత్రమే ఆగింది.

సోమవారం ఐదింటికి గంట వినబడకపోయినా హెలెన్‌తో పాటు ఆరేడుగురు చిన్నకోడళ్లు ఫోన్లలో లైట్లు వేసుకుని చర్చి దారి పట్టారు. ఏబేలు బోల్టు సంగతి చెప్పడానికి ఎదురు వెళ్లేలోపే కల్వర్టు దగ్గర కేక వినబడింది. చీకట్లో పంది అడ్డంగా పోయేసరికి ఫెబీ అనే పిల్ల ఉలిక్కిపడి గుంతలో పడింది. పంది తన దారిన పోయింది. ఫెబీ మోకాలు మాత్రం చెక్కుకుపోయి రక్తం కారుతోంది. హెలెన్ తన పైటచెంగు చించి కట్టు కట్టింది. మిగతావాళ్లు చర్చి మెట్ల మీద వణుక్కుంటూ ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు.

ఆరింటికి మగ్దలీనమ్మ మిగతా ముఠాతో వచ్చింది. వచ్చినవాళ్లు ముందే వచ్చినవాళ్లను చూసి ఇదేంది అన్నారు. ముందే వచ్చినవాళ్లు వచ్చినవాళ్లను చూసి ఇదా రావడం అన్నారు. ట్రాక్టరు దగ్గర నిలబడ్డ నరసింహులు ఇద్దరినీ చూసి, గంట లేని కూసాలను చూసి, చివరకు ఏబేలును చూశాడు. ఏబేలు కాగితం తీసి ఇచ్చాడు. వెనక్కి అన్న మాట గుంపులో చెయ్యి చెయ్యీ మారింది. ఎవరి వెనక్కి వాళ్లు చెప్పుకున్నారు. రెండు వెనక్కులు ఎదురెదురుగా నిలబడటం ఊరు మొదటిసారి చూసింది. ఒకరిద్దరికి నవ్వొచ్చింది. తీర్మానం తీరు తెలిసి మానం పోయినట్టు మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

ఇక ఏదో ఒకటి తేల్చాలి. అందరూ హెలెన్ వైపు చూశారు. ఆమె మెట్టు మీద కూర్చుని ఫెబీ కాలు తన ఒడిలో పెట్టుకుని ఉంది.

"ఆరుకే కొట్టు మామా," అంది. "ఈ మోకాలు చూసినాక నేను ఐదు అనలేను. క్లాసు సంగతి ఏదోటి జూసుకుంటాలే."

ఏబేలుకు ఆ జూసుకుంటాలే అన్న మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. చూసుకోవడానికి ఏమీ లేనివాళ్లు అనే మాట అది. మగ్దలీనమ్మ కోడలి వైపు ఒక్క క్షణం చూసి, తల తిప్పుకుని, మంచు ఆరుతోంది నడవండమ్మా అని ముఠాను కదిలించింది. పోతూ పోతూ నరసింహులు, చెట్టు కింద బోర్లా పడున్న గంటను చూసి, యాడైనా పెట్టుకో గాని టైముకు కొట్టు అనేసి పోయాడు. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడంటే, అన్నట్టు ఆయనకే గుర్తు లేదు.

యేసుదాసు బైకు మీద పోయి పదింటికి బోల్టు తెచ్చాడు. పదకొండున్నరకు గంట చింతకొమ్మకు ఎక్కింది. ఏబేలు తాడు సరిచేసుకుని చెట్టు కింద కూర్చున్నాడు. పన్నెండైంది. నిన్నటిదాకా కొట్టిన టైము. చెయ్యి తాడు మీదికి పోయింది. కొడితే ఎవరేం చేస్తారు, ఒక్క రోజు పొరపాటనుకుంటారు. పిల్లకు బస్సు దొరుకుతుంది. కానీ రేపు? ఎల్లుండి? రోజూ పొరపాటు చేసేవాణ్ణి గంట దగ్గర ఎవరు ఉంచుతారు? అదీగాక, ఆరు అన్నది ఆ పిల్లే. ఆమె మాటను ఆమె కోసమని తాను తప్పిస్తే ఆమెకేం మర్యాద? చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు. ఆ గంటసేపు ఆయనకు గంట కాదు, గంటలు.

ఫోను ఒంటిగంట చూపించింది. లేచి నిలబడి, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు తాడు లాగాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు ఆయన కళ్లు ఎదురుగా ఉన్న చేల మీద పడ్డాయి.

ఇరవై ఆరేళ్లు ఆయన ఊరికి ఎదురుగా నిలబడి దిగుడు గంట కొట్టాడు. ఆ వేళకు ఊళ్లో ఉండేది ముసలివాళ్లూ కోళ్లూ. గంట కొడితే ఏమవుతుందో ఆయన ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. తెల్లగా విచ్చుకున్న పత్తిలోంచి, చీరల మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాలతో, పద్దెనిమిది నడుములు ఒక్కసారిగా లేచాయి. లేచి, అందరూ ఒక్కసారే చర్చి వైపు తిరిగారు. గోడ అడ్డం లేదు. మిట్ట మీంచి మోత జారుతూ పోయి చేను అంచుకు తగులుతోంది. మేకల కాపరి అవసరం లేకుండా, మాట నడవాల్సిన పని లేకుండా, మోగిన గంట మోగిన చోటే అందింది.

ఒక చొక్కా మాత్రం ఆగలేదు. గట్టు మీదికెక్కి రోడ్డు వైపు పరుగు తీసింది. హెలెన్ అని ఏబేలుకు నడక చూసే తెలిసింది. చేను నుంచి అడ్డంగా పోతే రోడ్డు పావుగంట దూరం. బస్సు ఇరవైకి. ఏబేలు వేళ్ల మీద లెక్క వేశాడు. ఐదు నిమిషాలు మిగులుతున్నాయి. ఆయనకు లెక్కలు రావు గనక మళ్లీ వేశాడు. మళ్లీ ఐదే మిగిలాయి.

అప్పటికి నరసింహులు గట్టు దాటి మిట్ట ఎక్కుతున్నాడు. ఆయన నడక చూస్తే తేలిగ్గా మాట్లాడటానికి వస్తున్నట్టు లేదు. ఆయన వెనకాల మగ్దలీనమ్మ, ఆమె వెనకాల ముఠా.

"ఇదేంది ఏబేలూ. చెవులో కొట్టినట్టు కొడతాండావు. ఇంగా నాలుగు సాళ్లు ఉన్నాయి, అందరూ లేచి నిలబడినారు. గంటను మళ్లీ ముందరికి తీసకపోయి పెట్టు."

ఏబేలు ఫోను చూపించాడు. ఒంటిగంటా పది నిమిషాలు. టైముకే కొట్టానన్నాడు. టైముకు కొడితే కొట్టావులే, ఎప్పుడూ ఇంత తొందరగా వినబడేది కాదు గదా అన్నాడు నరసింహులు. అన్నాక, ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆయనకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

మగ్దలీనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇన్నేండ్లు ఆ అరగంట నీ చేలోనే ఉండిపోయింది నరసింహులన్నా. నీకు బాగనే అరిగింది. మాకే అరగలా. మాకు గూడ ఇయ్యాలే తెలిసింది, అది మా అరగంటని."

"అట్ల గాదు మేస్త్రీ, గంట చర్చి ముందరుండేది పద్ధతి."

"ఎనక్కి జరపాలని సంతకం పెట్టినావు గదా. చూడు, మొదటి సంతకం నీదే."

కాగితం మళ్లీ బయటికొచ్చింది. నరసింహులు సంతకం పెద్దది, రెండు వరసలు ఆక్రమించింది. దాన్ని ఆయన కొంచెంసేపు ఎవరి సంతకాన్నో చూసినట్టు చూశాడు. ఏబేలు చూపు మాత్రం ఆయన భుజం మీంచి రోడ్డు మీద ఉంది. చొక్కా రంగు గట్ల మధ్య కనబడుతోంది, మాయమవుతోంది. యర్రగొండపాలెం వైపు మలుపు దగ్గర దుమ్ము లేచింది. బస్సు నాలుగు నిమిషాలు ముందే వస్తోంది. ఏ రోజూ ముందు రాని బస్సు ఈ రోజే ముందు రావాలా?

నరసింహులు ఏదో అంటున్నాడు. ఏబేలుకు వినబడటం లేదు. ఆయన చేతిలో తాడు ఉన్న సంగతి చెయ్యే గుర్తుచేసింది. ఎందుకు లాగాడో తెలియదు, లాగాడు. గంట ఒక్కసారి గణగణమంది. మిట్ట మీద అందరూ ఉలిక్కిపడి ఆయన చూస్తున్న వైపు చూశారు. రోడ్డు మీద హెలెన్ పరుగెడుతూనే చొక్కా విప్పి సంచిలో కుక్కుకుంటోంది. బస్సు స్టాపు దాటి పది అడుగులు పోయి ఆగింది. డ్రైవరు మోతకు ఆగాడో, పరుగెత్తే మనిషిని చూసి ఆగాడో మిట్ట మీదున్నవాళ్లకు తెలియదు. తలుపు తెరుచుకుంది. హెలెన్ ఎక్కింది. ఎక్కాక ఒక చెయ్యి బయటికొచ్చి ఇటువైపు ఊగింది, లేదా కమ్మీ పట్టుకోబోయి జారిందేమో. ముఠా మాత్రం ఊపిందనే తీసుకుని తిరిగి ఊపింది.

నరసింహులు చెయ్యి ఊపలేదు గాని, బస్సు మలుపు తిరిగేదాకా అటే చూశాడు.

"ఎక్కడికి, ఆ లెక్కల క్లాసుకేనా?" అన్నాడు.

క్లాసుకేనని ఏబేలు చెప్పాడు. చలిగంట పెట్టాక ఆ పిల్ల క్లాసు పోయిందనే అందరం అనుకున్నామనీ చెప్పాడు. నరసింహులు చెవిలోని చుట్ట తీసి, వెలిగించకుండా, అటూ ఇటూ తిప్పాడు. ఆరు కావాలని గెలిచిన మనిషి ఆయన. గెలిచినవాడికి పట్టు విడవడం కొంచెం సులువు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఏబేలు జేబులో తానే దోపాడు.

"నేను పెట్టిన సంతకం ఎనక్కి తీసుకునేవాణ్ణి గాదు. ఉండనీ, గంటే ఎనక్కి ఉండనీ. మిగిలిన నాలుగు సాళ్లు రేపు ఎక్కంగనే ముందర ఏరండి."

అదేమంత పెద్ద కోరిక కాదని మగ్దలీనమ్మ ఒప్పుకుంది. ముఠా మిట్ట దిగింది. కుంటుతూనే వచ్చిన ఫెబీ, రేపటి నుంచి తానూ ఆ బస్సెక్కాలంటే ఏ పుస్తకాలు కొనాలని దారిపొడుగునా పక్కవాళ్లను అడుగుతూ పోయింది. నరసింహులు చుట్ట వెలిగించుకుని తన చేను వైపు నడిచాడు.

చెట్టు కింద ఇద్దరే మిగిలారు. మగ్దలీనమ్మ భుజం మీద రెండు ఒడిసంచులున్నాయి, ఒకటి తనది, ఒకటి కోడలిది. చేతిలో రెండు టిఫిను డబ్బాలు. పరుగులో హెలెన్ అన్నీ అత్త కాళ్ల దగ్గర పడేసి పోయింది. మేస్త్రి తన కోడలి డబ్బా మోయడం ముఠా అంతా చూసింది. ఆమె దాచుకోలేదు. ఏబేలు ఒక సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

మిట్ట సగం దిగాక ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"రేపు ఇంగొంచెం గట్టిగ కొట్టు. ఆ బస్సు డ్రైవరుకు గూడ వినపడాల."